రెండు వేళ్ళ మోహన

ఈ ఉదయం మా ఆవిడ కొత్త బెల్లం దిమ్మ పగలగొట్టింది. పక్కింటి పంతులుగారు గుమ్మం దిగబోయి చీలమండ బెణికించుకుంటే, పట్టు వెయ్యడానికని ఇంత బెల్లంలో సున్నం వేసి రంగరించింది. ఆ వాసన వంటింట్లోంచి బయల్దేరి, నడవ దాటి, వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్న నా ముక్కును వెతుక్కుంటూ వచ్చింది. రాగానే నా ఎడమ మణికట్టు మీది మచ్చ జివ్వుమంది. అంగుళం మచ్చ అది. కొత్తవాళ్ళకు దాన్ని మూరెడు చేసి చెబుతాను. మరీ కొత్తవాళ్ళయితే కత్తిపోటు అంటాను. కాని అది ఎప్పుడు జివ్వుమన్నా నాకు గుర్తొచ్చేది కత్తి కాదు, సింహాచలమ్మగారు.

ఆవిడను చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను. సింహాచలమ్మగారు హరికథలు చెప్పేవారు. మనిషి చూస్తే బియ్యం కుంచం కన్నా రవ్వంత పొడుగు. కాళ్ళకు గజ్జెలు కట్టి, చిడతలు పట్టి గొంతెత్తారా, ఇక్కడ అనకాపల్లిలో పాడితే అక్కడ కశింకోటలో ఎద్దులు చెవులు రిక్కించేవి. ఇందులో అతిశయోక్తి ఏమన్నా ఉంటే అది ఆ ఎద్దులది. వేదిక మీద ఉన్నంతసేపూ "హా నాథా, ఏల ఈ కఠినత్వము" అంటూ పెద్ద గ్రాంథికం మాట్లాడేవారు. మంగళహారతి అయి మెట్టు దిగీ దిగకముందే "ఒరే అప్పలసామీ, నా సెప్పులెవుడట్టుకుపోయేడ్రా" అనేవారు. ఆ అప్పలస్వామి మామ మా మృదంగం. ఆయనకు కూతుళ్ళు లేరు, నాకు ఆయనతో చుట్టరికమూ లేదు. అయినా నన్ను "అల్లుడూ" అని పిలిచేవాడు, ఖర్చు లేని వరస కనక. నేను ఫిడేలు. యుద్ధం ముగిసే రోజులవి. నాకు మీసాలు కొత్త, గర్వం అంతకన్నా కొత్త.

ఆ రోజుల్లోనే నా ఎడమ చేతికి తిమ్మిరి పట్టుకుంది. రోజంతా సాధన చెయ్యడం వల్లనని నేనూ, రోజంతా పేకాట ఆడడం వల్లనని అప్పలస్వామి మామా ఊరంతా చెప్పుకున్నాం. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నావి కానట్టుండేవి. తీగ మీద ఉన్నాయో గాలిలో ఉన్నాయో తెలిసేది కాదు. ఒక కథలో, మునికి దేవుడు ప్రత్యక్షమయ్యే సమయానికి, నా వేళ్ళు జారి ఫిడేలు పిల్లిలా అరిచింది. జనం గొల్లుమనబోయారు. సింహాచలమ్మగారు తడుముకోలేదు. "స్వామి రాకకు అడవిలో మార్జాలము సైతము పులకించెను" అని కథలో ఒక పిల్లిని కట్టేసి ముందుకు సాగిపోయారు. ఆ పిల్లి నచ్చి, పక్క ఊళ్ళో కూడా చెప్పమన్నారు.

బెల్లం ఊరు కదా, వైద్యం బెల్లంతోనే మొదలైంది. చేతికి సున్నం బెల్లం పట్టు వేసుకుని వేదికెక్కాను. చీమలు బారులు తీరి, చెయ్యి మీంచి ఫిడేలు మీదికి, అక్కడి నుంచి దాని కడుపులోకి కాపురానికి వెళ్ళాయి. "నీ వాయింపు ఇన్నాళ్ళకి తీపెక్కినాదల్లుడూ" అన్నాడు మామ. సింహాచలమ్మగారు మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని వేలు వేలూ గిల్లి చూశారు. చూపుడువేలు గిల్లితే నేను ఎటో చూస్తున్నాను. నాకు తెలియనే లేదు.

"ఇంక బెల్లం సాల్లే" అన్నారు. "రేపు రైలెక్కుతన్నాం."

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో, యుద్ధంలో పనిచేసి వచ్చిన ఒక డాక్టరుగారు నా చెయ్యి చూశారు. మణికట్టులో సన్నటి సొరంగం లాంటి దారి ఉంటుందనీ, దాని మీది పట్టీ బిగుసుకుని కింద నరం నలిగిపోతోందనీ, ఆ పట్టీ కోస్తే నరానికి ఊపిరాడుతుందనీ చెప్పారు. ఈ మధ్య దాన్నే కార్పల్ టనెల్ అంటున్నారట. నాకు వచ్చినప్పుడు ఆ పేరు మా ఊరి దాకా రాలేదు, జబ్బు మాత్రం వచ్చింది.

"కోసినాక ఈడి సెయ్యి పలుకుతాదా బాబూ?" అని అడిగారు సింహాచలమ్మగారు.

"నరాన్ని విడిపించడం నా పనమ్మా. పలికించడం అతని పని. తొందరపడ్డాడంటే మళ్ళీ నా దగ్గరికే వస్తాడు. ఒక్కో వేలే, మెల్లిగా."

"తొందరపడనివ్వను" అని ఆవిడ మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లే నేను చెప్పబోయేదంతా. ఆపరేషన్ అయింది. నేను వార్డులో ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు ఆవిడ వచ్చి కథలు చెబితే, నయమైపోయిన రోగులు కూడా ఇంకా నొప్పిగా ఉందని మంచాలు వదల్లేదు. తిరుగు రైల్లో నేను కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ, బెల్లం మార్కెట్లో తూకం పని ఏదైనా దొరుకుతుందేమో అన్నాను.

"నువ్వు తూకమేత్తే ఏపారం మునిగిపోతాది. నీ శ్రుతి ఇన్నాను గదా" అన్నారావిడ. "నోరు మూసుకుని కూకో."

కొత్త ఫిడేలు మనిషిని పెట్టుకుంటారనుకున్నాను. పెట్టుకోలేదు. కట్టు విప్పగానే నన్నే వేదిక మీద కూర్చోబెట్టారు. ఫిడేలుకు నాలుగు తీగలు, మన శ్రుతిలో స, ప, మళ్ళీ స, ప. వేలు పెట్టకపోతే పలికేవి ఆ రెండు స్వరాలే. ఫిడేలు తలను పాదానికి ఆనించి వాయిస్తాం కనక ఎడమ చేతికి మోసే పని లేదు. కుడిచేత్తో కమాను లాగుతూ, ఎడమ చేతిని చుట్టంలా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పూడిమడకలో కథంతా ఆ రెండు స్వరాలతోనే నడిపారావిడ. అయ్యాక ఒక జాలరి పెద్దాయన నా దగ్గరకొచ్చి భుజం తట్టాడు. "ఇంతకుముందోడు అమ్మ పాటకి అడ్డమొచ్చీవోడు బాబూ. నువ్వు మంచోడివి, గోల సెయ్యలేదు." ఇంతకుముందోణ్ణి కూడా నేనే.

రోజూ పొద్దున్నే ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి, మంచినీళ్ళయినా తాగకుండా, అదే మాట అడిగేవారు. "ఇయాల ఎన్ని వేళ్ళొచ్చేయిరా?" చూపుడువేలు వచ్చిన రోజు రి, ద దొరికాయి. రావికమతంలో కథకు నాలుగు స్వరాలతో వెళ్ళి లక్షాధికారిలా కూర్చున్నాను. నడిమివేలు లేచిన పొద్దున గ పలికింది. స రి గ ప ద. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు. "ఒరే, ఇది మోహన రాగం గదరా" అన్నారు. ఇక అప్పట్నుంచీ మా కథల్లో పెళ్ళిళ్ళూ మోహనలోనే, యుద్ధాలూ మోహనలోనే. అడవి తగలబడినా మోహనలోనే తగలబడింది. ఉంగరపు వేలు మాత్రం కట్టులో ఉన్నన్నాళ్ళూ కదలక బిగుసుకుపోయి లేవనంది. నేను దొంగచాటుగా దాన్ని తీగ మీదికి నెడితే, కథ మధ్యలో శ్లోకం ఆపకుండానే చిడత తిప్పి నా మోకాలి మీద ఒకటి వేసేవారు. డాక్టరుగారికిచ్చిన మాట.

అప్పుడొచ్చింది బెల్లం బజారు ఉత్సవం. ఆ ఏడాదికంతటికీ మాకు పెద్ద కథ అదే. అక్కడ నెగ్గితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ పిలుస్తాయి, తప్పితే ఒక్క ఊరూ పిలవదు. ఉత్సవం చేయించే షావుకారుగారికి సంగీతం తెలుసు. తెలుసన్న సంగతి మిగతావాళ్ళకు తెలియకుండా ఉండనిచ్చేవారు కాదు. శ్మశానంలో రాణి తన చచ్చిపోయిన బిడ్డ మీద పడి ఏడ్చే కథ కావాలన్నారు. అది ఎప్పుడూ ముఖారి రాగమే. ముఖారికి నా రెండు వేళ్ళూ చాలవు.

"మీ కుర్రాడి చెయ్యి బాగులేదట. విజయనగరం నుంచి ఒకర్ని రప్పిస్తాను లెండి" అన్నారు షావుకారుగారు.

సింహాచలమ్మగారు ఆలోచించి చెబుతానన్నారు. దారిలో నేనే అన్నాను, "రప్పించమనండి అమ్మగారూ. నా కోసం మీ పేరు పోగొట్టుకోవద్దు" అని. ఎలా అన్నానో నాకే తెలియదు. ఒకసారి ఇంకొకరు ఆ చోట కూర్చున్నాక మళ్ళీ నేను కూర్చోవడం ఉండదని నాకు తెలుసు.

"వచ్చినోడు నీకన్నా బాగానే వాయిత్తాడు" అన్నారావిడ, నన్ను ఓదార్చకుండా. "కానీ నాను ఊపిరి తీసుకున్నకాడ ఆడు తీసుకోడు. నా గొంతు ఏ ఈది మలుపు తిరుగుతాదో ఆడికేటెరిక? రెండు వేళ్ళున్నాయి గదా, సూద్దాం."

"సచ్చిన బిడ్డ మీద మోహనేటమ్మా" అన్నాడు మామ. "జనం లేచి పెళ్ళి బోయినాలెక్కడని అడుగుతారు."

విజయనగరం మనిషి అక్కర్లేదని ఆవిడ షావుకారుగారికి కబురు పంపేశారు. కథ రోజు దాకా మాట్లాడనే లేదు. మాట్లాడకపోవడం ఆవిడ ఒంటికి పడదు. దగ్గు పట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకు బెల్లం బజారు నిండిపోయింది. ముందు వరసలో షావుకారుగారు తాళం వెయ్యడానికి చెయ్యి తొడ మీద సిద్ధంగా ఉంచుకున్నారు. కథ శ్మశానం దాకా వచ్చింది. హరికథ చెప్పేవాళ్ళు కథంతా నిలబడే చెప్పాలి. అది పద్ధతి. సింహాచలమ్మగారు చిడతలు పక్కన పెట్టి, గజ్జెలు చప్పుడు కాకుండా, నేల మీద కూర్చున్నారు. పైకొంగు మడిచి ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. నా వైపు చూసి రెండు వేళ్ళు ఎత్తారు.

నేను మోహన ఎత్తుకున్నాను. ఆవిడ ఏడవలేదు, జోలపాట ఎత్తుకున్నారు. బిడ్డ పోయాడని ఆ తల్లి ఇంకా నమ్మలేదు. ఎండలో తిరిగి అలిసిపోయాడనుకుంటోంది. కాళ్ళకంటిన దుమ్ము దులిపింది. కాటికాపరిని చూసి, గట్టిగా మాట్లాడకు బాబూ, ఇప్పుడే నిద్రపట్టింది అంది. కొంగు చివర విసురుతూ ఈగలు తోలింది. ఎద్దుల చెవులు రిక్కించిన ఆ గొంతు, పక్కనున్న నాకే వినపడీ వినపడనంత చిన్నదైపోయింది. ఆ సందుల్లో నా రెండు వేళ్ళూ ఊయల ఊపుతున్నట్టు వెళ్ళి వస్తున్నాయి. షావుకారుగారి చెయ్యి తాళం మరిచిపోయి కండువాను ముఖం మీదికి తీసుకెళ్ళింది. ఆ పూట బజారులో బెల్లమంతా ఉప్పనైపోయిందని నేను చెబుతుంటాను, మా ఆవిడ నమ్మదు. "మద్దిలి ఎప్పుడాపేసేనో నాకే ఎరికలేదల్లుడూ" అని మామ అన్నది మాత్రం నిజం.

కథ అయ్యాక షావుకారుగారు గొంతు సవరించుకుని, "ముఖారి ఏమైందమ్మా?" అని అడిగారు.

"ఇదే పాత పద్దతి బాబూ" అన్నారు సింహాచలమ్మగారు, చెప్పులు వెతుక్కుంటూ. "మా గురువుగారి గురువుగారి నాడు ఇలాగే ఉండీది. మజ్జిలో ఎవులో పాడు సేసేరు."

"నాకు తెలుసు. మా తాతగారు అంటూ ఉండేవారు" అన్నారు షావుకారుగారు, చుట్టూ ఉన్న వాళ్ళందరికీ వినపడేలా.

తర్వాత ఉంగరపు వేలు కూడా దిగొచ్చింది. అన్ని స్వరాలూ నావే అయ్యాయి. ఇంక ఆ ఘట్టాన్ని ముఖారిలోకి మార్చుకుందామా అని అడిగాను. "ఏడుపు ఎలాగా ఉన్నాదిరా, ఎక్కడికి పోతాది" అన్నారావిడ. "ఆ తల్లిని కాసేపు బిడ్డని పడుకోబెట్టుకోనీ." ఆవిడ గొంతు ఆగిపోయేదాకా ఆ ఘట్టం మోహనలోనే సాగింది. నేను రెండు వేళ్ళతోనే వాయించాను.

ఇవాళ బెల్లం వాసనకు నిలవలేక లోపలికెళ్ళి ఫిడేలు తెచ్చుకుని ఆ జోలపాటే వాయించాను. అరుగు మీద కాలు చాపుకుని పట్టు వేయించుకుంటున్న పంతులుగారు నా చేతినే చూస్తున్నారు.

"ఆ ఉంగరపు వేలు మడుచుకునే ఉందేమండీ, ఇంకా నొప్పా?" అన్నారు.

నేను మడవలేదు. ఆ పాట దగ్గర అదే మడుచుకుంటుంది. దీన్ని ఎంత పెద్దది చేసి చెప్పవచ్చో అని నోరు తెరిచాను. అంగుళం మచ్చను మూరెడు చేసేవాణ్ణి, పెంచడానికి అందులో నాకేమీ దొరకలేదు.

"నొప్పి కాదండీ" అన్నాను. "అది వింటోంది."