అత్త పెట్టించిన నిమ్మమొక్క

స్వరాజ్యం రాకముందు మాట. కర్నూలు పక్క పల్లెలో మా ఇంటి ముంగిలంతా నాపరాళ్లే. అందులో రెండు పెళ్లగించి పూలమొక్కలు నాటమని అత్త పట్టుబడితే నాకు ఒళ్లు మండింది. తాగే నీళ్లకే మైలు దూరం నడిచేదాన్ని మరి! ఆమె తుంటి విరిగి మంచాన పడింది. చిన్నప్పుడు పుట్టింట్లో చూసిన నల్లమచ్చల పసుపు సీతాకోకచిలుకలను పోయేలోగా ఒక్కసారి చూడాలట.

"ఇంగేం అడగను నిన్ను," అంది.

కాదనలేక బంతి, చేమంతి నాటాను. గోడవారన నిమ్మమొక్క కూడా పెట్టమంటే, ఊరగాయకు కాబోలు అనుకున్నాను. మా ఇండ్లలో పూలకు బావినీళ్లు పోయరు. బియ్యం కడిగినవి, ఆమె ఒళ్లు తుడిచినవి మోసి పోశాను.

వానలకు నిమ్మ చిగురేసింది, వెంటనే పురుగులు పట్టాయి. మొదట పిట్టరెట్టల్లా ఉండి, తర్వాత పచ్చగా బలిసేవి. నేను పని సగంలో వదిలే మనిషిని కాను. రోజూ వాటిని ఏరి కోళ్లకు వేసి, ఆకుల మీద పొయ్యిబూడిద చల్లేదాన్ని. కోళ్లు తెల్లారకముందే నిమ్మ కింద చేరేవి.

బంతిపూల మీద చిన్న తెల్లవి వాలాయి గానీ, అత్త అడిగినవి రాలేదు. ఆమె గుమ్మం వైపే చూస్తూ పడుకునేది. ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందని, నిమ్మకు ఒక్క పురుగు లేకుండా చూస్తున్నానని ఒకరోజు గొప్పగా చెప్పాను.

అత్త గుమ్మం మీది చూపు నా వైపు తిప్పింది.

"ఆ పురుగులకే గదమ్మా రెక్కలొచ్చేది. వాటికోసరమే నిమ్మ పెట్టమంటి."

తిట్టి ఉంటే బాగుండేది. బూడిద అంటిన నా చేయి పట్టుకుని, ముందే చెప్పకపోవడం తన తప్పేనంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ రోజు నుంచి నిమ్మ జోలికి పోలేదు. మళ్లీ పట్టిన పురుగుల్లో ఒకటే మిగిలి, కొమ్మకు గూడు కట్టుకుంది. ఆ మాట చెబితే అత్త ముఖం వెలిగింది. అప్పటికే ఆమెకు అన్నం సహించడం లేదు. పొద్దున కళ్లు తెరవగానే "ఉండాదా?" అని అడిగేది.

ఒక పొద్దు వెళ్లి చూస్తే గూడు లేదు. నేను పురుగులు అలవాటు చేసిన కోళ్లే పొడుచుకు తిన్నాయి.

"ఉండాదా?"

"ఉండాదత్తా," అన్నాను.

మూడు పొద్దులు అదే చెప్పాను. నాలుగో పొద్దు అడగడానికి ఆమె లేదు.