నల్లపొడికి బెల్లం ముక్క

ఈ ఉదయం నేనొక తప్పు చేశాను. దగ్గుతూ వచ్చి కొత్త మాస్కు అడిగిన మనిషికి బెల్లం ముక్క ఇచ్చి పంపాను.

గుండ్లపోచంపల్లిలో పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డుకు నేను సూపర్‌వైజర్ని. ఫోన్లవీ, ఎలక్ట్రిక్ స్కూటర్లవీ వస్తాయి. విప్పి మిషన్లో వేస్తే చివరికి మెత్తటి నల్లపొడి మిగులుతుంది. అందులో కోబాల్టు, నికెలు ఉంటాయి. కొత్త బ్యాటరీలకు దాన్నే కొనుక్కుపోతారు. దుమ్ములో పనిచేసేవాళ్లకు బెల్లం పెట్టడం ఇక్కడి షెడ్లలో అలవాటు. గొంతులో దుమ్ము కడుపులోకి జారిపోతుందంటారు. నేనూ నమ్మాను. నమ్మితే సుఖంగా ఉండేది.

పైకప్పులో ఒక రేకు తెల్లటి ప్లాస్టిక్‌ది. పదకొండింటికి దానిలోంచి ఎండ దిగుతుంది. ఆ వెలుగులో పొడి తేలుతూ మెరుస్తుంటే షెడ్డంతా నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది. మనుషులు నెమ్మదిగా కదులుతున్నట్టు, మిషన్ చప్పుడు ఎక్కడో దూరాన ఉన్నట్టు. ఈ లోహాన్ని మొదట ఏ దేశంలోనో, ఏ గుంతలోనో ఎవరో తవ్వి ఉంటారు. అక్కడా ఇలాగే ఎండ పడుతుందా, వాళ్లూ దగ్గుతారా అనుకుంటూ నిలబడిపోయేవాణ్ణి. ఎదురుగా దగ్గుతున్న మనిషి మాత్రం కనబడేది కాదు.

ఈరోజు సరిగ్గా ఆ వేళకే యజమాని పొడి కొనేవాళ్లను ఇద్దరిని తీసుకొచ్చాడు. బీరువా తాళం తీసి వాళ్లకు కొత్త మాస్కులిచ్చాను. ఆ మాస్కుల పెట్టెను షెడ్డు చూడ్డానికి వచ్చేవాళ్ల కోసమే ఉంచాను. పొద్దున నన్ను మాస్కు అడిగిన ఆమె, అత్వెల్లి ఊరి నుంచి పనికొచ్చే మనిషి, జల్లెడ దగ్గర నిలబడి అంతా చూసింది. వాళ్లు వెళ్లాక, చెయ్యి ఆపకుండానే అంది:

"ఏం సారూ, ఆళ్లు పావుగంటుంటె మాస్కు. మేం పొద్దంత ఉంటె బెల్లమా?"

పక్కవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు.

డాక్టరుకు చూపించుకున్నావా అని అడిగాను. రెండుసార్లు పోయిందట. ఏం పనంటే దుమ్ముల పని అని చెప్పిందట. దగ్గు మందిచ్చి పంపారట.

"గా నల్లపొడి ఏందో నాకేమెరుక? నువ్వెన్నడన్న చెప్పినవా?"

చెప్పలేదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటని తెలిస్తే భయపడి మానేస్తారని. చెప్పొద్దని యజమాని అనలేదు, ఆ ఆలోచన నాదే.

మిషన్ ఆపించాను. మాస్కులన్నీ పంచాను. దుమ్ము లాగే గొట్టానికి కొత్త వడపోత సంచి బిగించేదాకా పని నడవదని యజమానికి ఫోన్ చేశాను. ఆయన అరిచినంతసేపూ విన్నాను. మిషన్ మాత్రం మళ్లీ వేయలేదు. తర్వాత పొడి బస్తా మీది ఇంగ్లీషు చీటీలో ఉన్న హెచ్చరికలన్నీ అందరికీ తెలుగులో చెప్పాను.

మధ్యాహ్నం ఆమెను ఆటోలో మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఏం పని చేస్తావని డాక్టరు అడిగితే ఆమె నావైపు చూసింది. పొడిలో ఏమేం ఉన్నాయో, ఆమె ఎన్నాళ్లుగా పీలుస్తోందో చెప్పాను. మాస్కులు బీరువాలో పెట్టి తాళం వేసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన అన్నీ రాసుకుని ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నాడు. ఎక్స్‌రే గది ముందు వరుసలో ఆమె పక్కన కూర్చున్నాను.