వెనక్కి తొక్కితే ముందుకు పోయిన సైకిలు

ఈ జనవరిలో ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుండగా మా పెద్దక్క నన్ను పక్కకు పిలిచి, తన కరెంటు సైకిలు ఎవరికైనా ఇచ్చేసే ఏర్పాటు చూడమంది. డెబ్బై దాటిన మనిషి సైకిలు మానేస్తానంటే ఇంటిల్లిపాదీ సంతోషించాలి, సంతోషించారు కూడా. నాకే మనసొప్పలేదు. మా అక్క నర్సుగా పనిచేసి రిటైరైనప్పటి నుంచి రోజూ పొద్దున్నే గొలుగొండ రోడ్డు వెంట పోయి, మంచం పట్టిన ముసలివాళ్ళకు బీపీ చూసి, పుళ్ళు కడిగి కట్టు కట్టి, కోరినవాళ్ళకు ఒక కీర్తన చదివి, కోరనివాళ్ళతో కోడలి మీద చాడీలు విని వస్తుంది. ఆ తిరుగుడు లేకపోతే ఆవిడకు తెల్లవారినా తెల్లవారినట్టు ఉండదు. మోకాళ్ళు మొరాయించినప్పుడు విశాఖపట్నంలో ఉన్న కూతురు ఈ సైకిలు కొనిపెట్టబట్టే అది ఇన్నాళ్ళూ సాగింది.

"నా కాళ్ళ పని అయిపోయిందిరా. జొరం తగ్గి లేచిన కాణ్ణించి తొక్కలేకపోతన్నాను. ఆ ముసలోళ్ళని ఇంకెవరికైనా అప్పగించేస్తాను" అంది.

క్రిస్మస్ ముందు అక్క జ్వరంతో మంచాన పడిన మాట నిజమే. లేచాక నీరసం కొన్నాళ్ళు ఉంటుందని డాక్టరూ చెప్పాడు, వయసు కదా అని మిగతావాళ్ళూ చెప్పారు. అంతమంది ఒక్క మాటే అంటే మనిషి నమ్మక ఏం చేస్తుంది? కానీ నాకు తెలిసిన మా అక్క అలా ఉన్నట్టుండి అయిపోయే మనిషి కాదు. ట్రైనింగు నుంచి వచ్చిన కొత్తలో ఆడపిల్ల సైకిలెక్కితే రోడ్డు రోడ్డంతా ఆగి చూసే రోజుల్లో, తెల్లచీర కుచ్చిళ్ళు గొలుసులో పడకుండా కాసె బిగించి, క్యారేజీ మీద మందుల పెట్టె కట్టుకుని, పురుడు కబురొస్తే వానైనా సరే బయల్దేరేది. దారిలో పంచరైతే తనే ట్యూబు లాగి అతుకు వేసుకునేది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను టెలిఫోన్ మెకానిక్కుగా బతికినవాణ్ణి. నల్లటి బరువైన ఫోన్లు, వేలు పెట్టి తిప్పే చక్రాలు మీకు గుర్తుండే ఉంటాయి. కొత్తలో మా పై ఆయన నేర్పిన పాఠం ఒక్కటే, ఫోను పలకకపోతే ఎవరినీ ఏమీ అనకు, ముందు లైనును రెండు ముక్కలు చేసి తప్పు ఏ ముక్కలో ఉందో చూడు, ఆ ముక్కను మళ్ళీ రెండు చెయ్యి అని. రావికమతంలో ఒక బెల్లం వ్యాపారి ఉండేవాడు. అనకాపల్లిలో ఉన్న తమ్ముడు ఫోను చెయ్యడం మానేశాడని, పొలం మాటల్లో తను తూలిన ఒక మాటకు అలిగాడని కుమిలిపోయి, ఆ ఏడు పండక్కి బట్టలు కూడా పెట్టలేదు. వేరే పని మీద ఆ ఇంటికి వెళ్ళిన నేను చెయ్యి ఊరుకోక ఫోను విప్పి చూస్తే, గంట కొట్టే సుత్తికీ గిన్నెకీ మధ్య కందిరీగ మట్టిగూడు కట్టుకుని ఉంది. తమ్ముడు చేస్తూనే ఉన్నాడు, గంటే మోగలేదు. అటు తమ్ముడు కూడా అన్న కావాలనే ఎత్తడం లేదనుకున్నాడట. ఆ గూడు రాల్చి గంట మోగించినప్పుడు ఆ పెద్దమనిషి మొహం చూసిన నాటి నుంచీ, మనుషుల మీద వేసిన ఏ తప్పునైనా సరే ముందు వస్తువును విప్పి చూశాకే నమ్మడం నాకు అలవాటైపోయింది.

అందుకని అక్కతో సరేనని, సైకిలు ఒకసారి చూసి ఇస్తానని చెప్పి వాళ్ళింటికి వెళ్ళాను. ఇలాంటి సైకిలు ఎరగనివాళ్ళు ఉంటారు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. తొక్కడం మనదే, కాకపోతే తొక్కుతున్నంతసేపూ వెనక చక్రంలో దాగిన మోటారు సగం బరువు తను లాగుతుంది. మనం తొక్కుతున్నామని దానికి తెలియడానికి పెడళ్ళ ఇరుసుకు ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, దాని అంచు చుట్టూ చిన్న చిన్న అయస్కాంతాలు. పక్కనే కదలకుండా గోరంత సెన్సరు. బిళ్ళ తిరిగి అయస్కాంతాలు ఎదురుగా పోతుంటే సెన్సరు గ్రహించి మోటారుకు కబురు పంపుతుంది. ఇది కాక చేతిపిడి దగ్గర ఎక్సిలేటరు ఉంటుంది, తొక్కకుండానే పోవచ్చు. కానీ దాన్ని అక్క ఏనాడూ ముట్టలేదు. తిప్పితే పోయేది సైకిలెలా అవుతుందని ఆవిడ వాదన.

వరండాలో స్టాండు వేసి మీట నొక్కాను. లైటు వెలిగింది. పెడలు చేత్తో ముందుకు తిప్పితే వెనక చక్రం గొలుసు లాగినంతే తిరిగింది, మోటారు ఉలకలేదు. ఎక్సిలేటరు తిప్పితే మాత్రం రయ్యిమంది. అంటే బ్యాటరీ, మోటారు, వాటిని నడిపే పెట్టె అన్నీ బాగున్నాయి. తప్పు ముక్క చిన్నదైంది, పెడలుకూ పెట్టెకూ మధ్య ఎక్కడో ఉంది. నా అరచేతులకు పాత దురద పుట్టుకొచ్చింది. సెన్సరు తీగ కొలికి ఊడదీసి తుడిచి మళ్ళీ బిగించాను. మార్పు లేదు. అయస్కాంతం ఏదైనా రాలిపోయిందేమోనని అక్క జడపిన్ను ఒకటి అడిగి బిళ్ళ అంచున ఆడించాను. ప్రతిదీ పిన్నును లాక్కుంది. బిళ్ళకూ సెన్సరుకూ మధ్య ఎడం చూస్తే అదీ సరిగానే ఉంది. పెడలు తిప్పితే సెన్సరు మీద ఎర్ర చుక్క మిణుకుమంటోంది కూడా. చూపు ఉంది, మాటే లేదు. ఇదేం చోద్యమని మా బావగారు తెచ్చిన టీ కూడా చల్లార్చేసుకున్నాను.

మా బావగారి గురించి చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. దసరాకు ఊరంతా సైకిళ్ళు కడిగి బొట్లు పెట్టుకుంటే, మా ఇళ్ళల్లో ఆ మర్యాద క్రిస్మస్ ముందు జరిగేది. ఇంటికి సున్నాలు, గుమ్మానికి కాగితపు నక్షత్రం, సైకిలుకు ఓవరాయిలింగు. చక్రాలు, ఇరుసులు, పెడళ్ళు అన్నీ విప్పి, బేరింగుల్లోని ఉక్కు గుళ్ళు సత్తుపళ్ళెంలో పోసి కిరసనాయిలుతో కడిగి, గ్రీజు కూరి బిగించడం ఒక పూట పని. పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటరు పిన్ను సుత్తితో కొట్టి ఊడగొట్టే చప్పుడు మీలో ఎంతమందికి ఇంకా చెవిలో ఉందో తెలియదు, నాకైతే డిసెంబరంటే అదే. మొన్నటి క్రిస్మస్‌కు కూడా, పెళ్ళాం జ్వరంతో పడుకుందని దిగులుగా ఉండి, లేచేసరికి సైకిలు కొత్తదానిలా ఉండాలని బావగారు మొత్తం ఓవరాయిలు చేశారట. చేశాక ఎక్సిలేటరు తిప్పి వీధి చివరిదాకా పోయి వచ్చారట. బాగానే నడిచింది మరి.

ఆ మాట వింటూ నేను గొలుసుకు అంటిన గ్రీజు తుడుద్దామని పెడలును వెనక్కి తిప్పాను. చక్రం గిర్రుమని ముందుకు తిరిగింది. ఉలిక్కిపడి చెయ్యి తీశాను. ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తిప్పితే మళ్ళీ పరుగు. ముందుకు తిప్పితే మౌనం.

అప్పుడు బోధపడింది. బిళ్ళ తిరగబడి ఉంది. ఎటు తిరుగుతున్నామో ఆ అయస్కాంతాల వరసను బట్టే సెన్సరు తెలుసుకుంటుంది. బిళ్ళ తిరగేసి తొడిగితే దానికి మన ముందు వెనకవుతుంది. బావగారిని అడిగితే ఆయన మొహమాటమేమీ లేకుండా, "అచ్చరాలున్న పక్క బయటికి కనపడాల కదేటి. బేరింగైనా సీలైనా అలాగే కదా ఎక్కిస్తాం" అన్నారు. ఫ్యాక్టరీలో జీవితమంతా ఆయన చేతులు పాటించిన నియమం అది, తప్పుపట్టడానికి లేదు. ఈ బిళ్ళకు మాత్రం అక్షరాలు లోపలివైపు ఉండాలి. అది ఆయనకు చెప్పినవాడెవడు?

ఇరుసు నుంచి ఊడలాగే పుల్లరు పెట్టి పెడలు తీసి, బిళ్ళ తిరగేసి ఎక్కించడం ఇద్దరం కలిసి చేశాం. ఆ పని చేస్తుండగానే ఇంకో సంగతి తట్టి నా చేతులు ఆగాయి. జ్వరం నుంచి లేచిన దగ్గరనుంచీ అక్క తన ముసలివాళ్ళ దగ్గరికి పోవడం ఒక్కరోజూ మానలేదు. అంటే మోటారు సాయం పిసరంతైనా లేకుండా, పైగా ఆ మోటారునూ బ్యాటరీనీ కూడా మోసుకుంటూ, ఆ మోకాళ్ళతో, ఆ నీరసంతో గొలుగొండ రోడ్డు తొక్కి వచ్చింది. కాళ్ళ పని అయిపోయిందని అందరూ తీర్పు చెప్పింది ఆ కాళ్ళ మీదే.

అక్కను పిలిచి ఆ మాటే చెప్పాను. ఆవిడ కాసేపు సైకిలును కాదు, తన పాదాల్ని చూసుకుంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు, రెండూ కొంచెం కొంచెం చేసిందనుకుంటాను. బావగారు తల వంచుకుని చేతుల గ్రీజు పదేపదే తుడుచుకుంటుంటే, ఆయన భుజం మీద ఒక్కటి చరిచింది.

"మీ ఇద్దరూ టీలు తాగండి. నేను బేగి పోయొస్తాను. ఆ ముసలమ్మకి కట్టు మార్చాల" అని బీపీ సంచి తగిలించుకుని ఎక్కింది. సందు మలుపుదాకా నేను చూస్తూనే ఉన్నాను. సైకిలు పొందిగ్గా, చప్పుడు లేకుండా పోయింది. ముసలివాళ్ళను ఇంకెవరికో అప్పగించే మాట ఆ తరవాత ఎత్తలేదు.

ఆవిడ వెళ్ళాక వరండాలో కూర్చుని నేను మా ఉద్యోగాల తొలి రోజుల్ని తలుచుకున్నాను. అక్కా నేనూ ఒకే దారిన డ్యూటీలకు పోయేటప్పుడు, ఎదురుగాలి కొడితేనో ఎత్తు వస్తేనో, పక్కన తొక్కుతున్నవాళ్ళు ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని రెండో చెయ్యి అలసినవాళ్ళ వీపు మీద ఆనించి నెట్టేవాళ్ళు. చాలాసార్లు నేను అక్కను నెట్టేవాణ్ణి, కొన్నిసార్లు అక్క నన్ను, ఒక్కోసారి పేరు కూడా తెలియని రైతు ఎవరో మా ఇద్దరినీ. ఆ చెయ్యి పడితే తెలిసేది, తీస్తే కూడా తెలిసేది. వీపు మీద వెచ్చదనం పోయిందంటే ఇక బరువంతా మనదేనని కాళ్ళు సర్దుకునేవి. ఇప్పటి మోటారు సాయం మంచిదే, మా అక్కకు అది లేకపోతే గడవదు. కానీ అది చడీచప్పుడూ లేకుండా వస్తుంది, అలాగే పోతుంది, పోయిందని తెలియక మనం మన కాళ్ళనే అనుమానించుకుంటాం.