గోడకవతల గాలిసంచి

మా వదిన పోయింది. పోయిన మంగళవారం పొద్దున్న, టికియాపారా బస్తీలో కూతురి ఇంట్లో, చేతిలో చాయ్ చల్లారకముందే. మర్నాడే మా తెలుగువాళ్ళ సంఘం అధ్యక్షుడు సంతాపసభ పెట్టి "తీరని లోటు" అన్నాడు. మీలో చాలామంది తలలూపారు. ఆ లోటులో ఆయన వాటా ఎంతో ఆయన చెప్పలేదు గనక నేను చెబుతాను.

మనం వలస వచ్చిన ఈ నగరానికి ఉత్తరాన ఉన్న వైమానిక స్థావరం ఒకప్పుడు మామూలు విమానాశ్రయం. దాని చరిత్ర మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. మొదట దిగిన దొర ఉన్నాడు, విమానం రెక్కల పొడవు ఉంది. రన్‌వే పక్కన గడ్డి కోసిన శ్రీకాకుళం ఆడవాళ్ళు ఒక్క వాక్యంలోనూ లేరు. వదిన ఆ గడ్డి కోసింది. ఎర్రజెండా లేస్తే విమానం వస్తున్నట్టు. కొడవళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కొంగులు పళ్ళతో బిగబట్టి కూర్చునేవారట.

"ఏటి మరిదీ, అన్ని పుస్తకాలు తిరగేస్తావు, మా కొడవలి ఎక్కడైనా తగిలిందేటి?"

"లేదు వదినా."

"అయితే ఆ అచ్చరాలూ గడ్డే. కోసి పారెయ్."

అప్పట్లో కూలీల గుడిసెలు లోపలే ఉండేవి. ఆమె మొదటి కొడుకు నడక రాకముందే జ్వరంతో పోయాడు. మావాళ్ళు పసిబిడ్డల్ని కాల్చరు. రన్‌వే చివర, గాలి ఎటు వీస్తోందో విమానాలకు చూపించే గుడ్డసంచి స్తంభం కింద పాతిపెట్టారు. ఏటా అక్కడ పాలు పోసేది. తర్వాత ప్రయాణికుల విమానాలు వేరేచోటికి వెళ్ళిపోయాయి. సైన్యం వచ్చింది, గుడిసెలు పోయాయి, గోడ లేచింది. గోడ మీంచి ఆ సంచి మాత్రం కనబడేది. ఏటా బస్సులు మారి వచ్చి, రోడ్డు మీద నిలబడి చూసేది. సంచి ఇటు తిరిగి ఉంటే "ఇయాళ ఇటు సూస్తన్నాడు" అనేది. అటు తిరిగి ఉంటే వెంటనే తిరుగు బస్సెక్కేది.

చచ్చేలోగా ఒక్కసారి లోపల పాలు పోయాలని ఆమె కోరిక. అధ్యక్షుణ్ణి బతిమాలింది. ఒక పండగనాడు స్థావరంవాళ్ళు మా సంఘం నుంచి ఇద్దర్ని రానిచ్చారు. ఆయన తన బావమరిదిని వెంటబెట్టుకెళ్ళి, పాత యుద్ధవిమానం పక్కన ఫొటో దిగి వచ్చాడు. "ముసల్ది, ఎండలో ఏం నడుస్తుందిలే" అన్నాడు నాతో.

వదిన అధ్యక్షుణ్ణి ఒక్కటే అడిగింది.

"బాబూ, ఆ గాలిసంచి కాడ గడ్డి కోసినారా?"

"నేను అటు చూడలేదమ్మా."

తిట్టే పని నాకు వదిలేసి లోపలికి వెళ్ళి బియ్యం ఏరుకుంది.

వదిన పోయిన మూడోనాడు పాలచెంబు పట్టుకుని నేనే వెళ్ళాను. సిపాయి కుర్రాడు మర్యాదగానే అన్నాడు: "దాదూ, ఇధర్ రుక్‌నా మనా హై." నిలబడటమే కూడదట. గోడ మొదట్లో పోశాను. సిమెంటులోకి చుక్క ఇంకలేదు. పాలు మురుగుకాలవలోకి జారి, కాస్త దూరం తెల్లగా పారి, నల్లబడ్డాయి.

తలెత్తాను. గాలి లేదు. సంచి స్తంభానికి అంటుకుని వేలాడుతోంది, ఎటూ చూడకుండా.