ఆది జాకెట్టు లేకుండా వచ్చినావిడ

భవానీపురంలో అద్దెకుంటున్న ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్న రోజే గుమ్మం పక్కన ఒక కాగితం అంటించాను, "ఆది జాకెట్టు తప్పనిసరి" అని. ఆడవాళ్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు, మగవాళ్ల కోసం చెబుతున్నాను. ఒంటికి కుదిరిన పాత జాకెట్టు ఒకటి కొత్త గుడ్డతో పాటు ఇస్తే, కుట్టేవాళ్లు దాన్ని బల్ల మీద పరిచి అచ్చం అలాగే కత్తిరిస్తారు. తేడా వస్తే ఆదిలోనే ఉందని తప్పించుకోవచ్చు. టేపు పెట్టి ఒంటి కొలతలు తీసుకుని, నా గీత నేను గీసుకుని కత్తిరించడం నాకు వచ్చు. రెండేళ్లు దాని కోసమే నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచీ నా కల కూడా అదే. అయినా తప్పొస్తే నాదే అయ్యే పని చేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఎందుకు చాలలేదంటే, అంతకు ముందు తొమ్మిదేళ్ల సంగతి చెప్పాలి.

మాది మైలవరం దగ్గర. డిగ్రీకని విజయవాడ వచ్చి హాస్టల్లో ఉన్నప్పుడు నా గదిలో అమ్మాయి ఒక ఆదివారం భజనకి రమ్మంది. భోజనం బాగా పెడతారంది. హాస్టల్ సాంబారు తిని తిని ఉన్నదాన్ని, వెళ్లాను. ఆ భజన నడిపే ఆవిడని అందరూ పెద్దమ్మ అనేవారు. మొదటిరోజే నా చెయ్యి పట్టుకుని "నీ చేతిలో కళ ఉందే తల్లీ" అంది. బట్టల డిజైనింగు నేర్చుకుంటానని నేను అప్పటికి మా ఇంట్లో కూడా గట్టిగా చెప్పలేదు. ఈవిడకెలా తెలిసిందా అని మురిసిపోయాను. నా గదిలో అమ్మాయే చెప్పి ఉంటుందన్న ఆలోచన రావడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

చదువు పూర్తి కాకుండానే హాస్టల్ వదిలేసి భజన జరిగే వాళ్ల మేడ మీదికి మారిపోయాను. ఇరవై మంది ఆడవాళ్లం ఉండేవాళ్లం. అందరి జాకెట్లూ నేనే కుట్టేదాన్ని. లేత నీలం గుడ్డ, అందరికీ ఒకటే కొలత. పుల్లలా ఉన్నవాళ్లకీ అదే, లావుగా ఉన్నవాళ్లకీ అదే. ఒళ్లనేది ఒకటుందని గుర్తు రాకూడదని పెద్దమ్మ పెట్టిన నియమం. ఒకసారి చెయ్యి ఊరుకోక ఒక జాకెట్టు చేతుల అంచుకి గుడ్డ మడిచి అందానికి సన్నటి పైపింగు వేశాను. అందరి ముందూ కూర్చోబెట్టి నాచేతే విప్పించింది. "నీ బుద్ధిని నువ్వు నమ్ముకున్నావు, అదే నీ శత్రువు" అంది. సూదిమొనతో ఒక్కో కుట్టూ లాగుతుంటే మిగతావాళ్లు భజన పాడారు. అప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఇప్పుడు రాస్తుంటే మాత్రం ఒళ్లు మండుతోంది.

వారానికోసారి 'మనసు కడుక్కోవడం' అని ఒకటి ఉండేది. పెద్దమ్మ తరఫున ఒకావిడ పీట మీద కూర్చుంటుంది. మనం ఎదురుగా చేతులు కట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడాలి. మూడు ప్రశ్నలు. ఈ వారం ఎవరితో మాట్లాడావు? ఏం మాట్లాడావు? మాట్లాడుతుంటే నీకేమనిపించింది? మూడోదానికి ఎంత చెప్పినా చాలేది కాదు. మా అమ్మ ఫోన్ చేస్తే సంతోషమేసిందని ఒకసారి నిజం చెప్పాను. ఆ తరవాత మూడు నెలలు నా ఫోను వాళ్ల బీరువాలో ఉంది.

అక్కడ చేరిన తొమ్మిదో ఏడాదిలో ఆ పీట మీద నన్ను కూర్చోమన్నారు. నాకు ప్రమోషన్ ఇచ్చారన్నమాట. ఎదురుగా పందొమ్మిదేళ్ల పిల్ల వచ్చి నిలబడింది. మొదటి రెండు ప్రశ్నలు అడిగాను, మూడోది నోట్లోంచి రాలేదు. కళ్లు తిరుగుతున్నాయని లేచాను. మర్నాడు దారపు ఉండలు కొనాలని చెప్పి బయటపడి, ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్లి, మైలవరం బస్సెక్కాను. ఆ పిల్లని వెంట తీసుకురావాలన్న ఆలోచన బస్సు కదిలాక వచ్చింది. అందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

కొన్నాళ్లు మా అమ్మ దగ్గరుండి, మళ్లీ విజయవాడ వచ్చి వన్‌టౌన్‌లో ఒక ముసలి కటింగు మాస్టరుగారి దగ్గర చేరాను. నెల తిరక్కుండానే నేను కాగితం మీద గీసిన డ్రాఫ్టు చూసి "బాగా గీశావమ్మా" అన్నారాయన. మేడ మీద మెచ్చుకోలు వెనకాలే ఏదో ఒకటి అడిగేవారు. ఈయనేం అడుగుతాడోనని మూడు రోజులు కాచుక్కూర్చున్నాను. నాలుగో రోజు "అమ్మా" అని పిలిచారు. అదిగో, వచ్చేసింది అనుకున్నాను. "ఆ ఫ్యాను కాస్త తగ్గించు, కాగితాలెగిరిపోతన్నాయి" అన్నారు. అప్పటికీ నమ్మలేదు. ఫ్యాను వంకతో ఇంకేదో మొదలుపెట్టబోతున్నాడని సాయంత్రం దాకా చూశాను.

పక్కవాటా ఆంటీ సంగతీ అంతే. ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడికూర వండితే నాకూ ఒక గిన్నెలో పంపేవారు. గిన్నె కడిగి ఖాళీగా ఇచ్చేసేదాన్ని. మా వైపు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు, కనీసం చారెడు పంచదారైనా వేసిస్తారు. తెలిసే అలా చేశాను. ఇచ్చిపుచ్చుకోవడం మొదలైతే ఆ వెంటనే ప్రార్థనకి రమ్మంటుందని నా భయం. ఆవిడ ఏనాడూ రమ్మనలేదు. ఎందుకు రమ్మనలేదా అని దాని మీద కూడా అనుమానపడ్డాను.

ఇందర్ని అనుమానించినా, నామీద నాకున్న అనుమానం ముందు అవన్నీ దిగదుడుపే. గుడ్డ మీద గీత గీసి కత్తెర పట్టుకోగానే, ఈ గీత నిజంగా నీకు తెలిసే గీశావా అని లోపల ఎవరో అడిగేవారు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. రెండేళ్లయ్యాక మాస్టరుగారు "నీకింక నేర్పేదేం లేదు, సొంతంగా పెట్టుకో. ఆదులు మాత్రం తీసుకోకు. ఎవరో కుట్టిందాన్ని మళ్లీ కుట్టడానికా ఇన్నాళ్లు నేర్చుకుంది?" అన్నారు. సరేనండీ అని తలూపి, ఇంటికొచ్చి ఆ కాగితం అంటించాను. ఏడాది పాటు ఆదులే తీసుకున్నాను.

నిరుడు శ్రావణం ముందు ఒక గురువారం పొద్దున ఒకావిడ వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. పూల చీర కట్టుకుంది, దానికి ఏమాత్రం నప్పని లేత నీలం జాకెట్టు వేసుకుంది. ఆ జాకెట్టు భుజాల మీంచి గోనెసంచిలా వేలాడుతోంది. చేతుల అంచు మడత చూసి, కుట్టింది నేనేనని పోల్చుకున్నాను. మనిషి మొహం మాత్రం ఎరగను. నేను వచ్చేశాక చేరి ఉంటుంది. అక్కడ జాకెట్లు ఒకరివి ఒకరు వేసుకుంటారు. నా అడ్రసు తెలుసుకున్నారు, చూసి రమ్మని పంపించారు అనుకున్నాను.

"జాకెట్టు కుట్టాలండి. సోమవారం స్కూల్లో ఇంటర్వ్యూ ఉందండి నాకు" అంది.

"ఆది తెచ్చారా?"

"లేదండి. ఉన్నదిదొక్కటేనండి."

మిషను ముందు స్టూలు మీదే కూర్చుని ఉన్నాను. ఆవిడని కూర్చోమనలేదు.

"నా గురించి మీకెవరు చెప్పారు? ఎవరితో మాట్లాడారు?"

"ఈ పక్కవాటా ఆంటీగారండి. బస్టాపులో కలిశారు."

"ఏం మాట్లాడారు?"

ఆవిడ చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. చూపు నేల మీదికి దిగింది. గొంతు అప్పజెప్పే గొంతయింది.

"ఇంటర్వ్యూకి వేసుకోడానికి జాకెట్టు లేదని చెప్పానండి. మీరు బాగా కుడతారన్నారు. భయపడొద్దు, ఉద్యోగం వస్తదన్నారు. అంతేనండి మాట్లాడింది." నేనేమీ అడగలేదు. ఆవిడే చెప్పింది. "మాట్లాడుతుంటే సంతోషమేసిందండి. తప్పేనండి."

మూడో ప్రశ్న అడగలేక పారిపోయి వచ్చినదాన్ని, నా ఇంట్లో, నా స్టూలు మీద కూర్చుని, అడక్కుండానే దానికి జవాబు చెప్పించుకున్నాను. పెద్దమ్మ మీద కూడా రానంత అసహ్యం నామీద నాకు వేసింది. లేచి నిలబడ్డాను.

"మీరు నాకేం చెప్పక్కర్లేదండీ. అలా అడగడం నాదే తప్పు" అన్నాను.

ఆవిడ తలెత్తి బెదురుగా చూసింది. "అయితే ఏం చెప్పమంటారండి?" అంది.

కుర్చీ లాగి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఇంత జరిగాక అనుమానం పోయి ఉండాలి కదా? పోలేదు. వాళ్లు ఎవరినైనా పంపితే సరిగ్గా ఇలాంటి మనిషినే పంపుతారని లోపల నస మొదలైంది. ఆది లేనిదే కుట్టనండీ అని గుమ్మం పక్కన కాగితం చూపిస్తే సరిపోయేది. ఆవిడ మారుమాట్లాడకుండా వెళ్లిపోయేది కూడా. అలా వెళ్లిపోతుందని తెలియడం వల్లే చూపించలేకపోయాను.

"చేతులు కొంచెం పైకెత్తండి" అని టేపు తీశాను.

భుజం, ఛాతీ, నడుము, చంక, వీపు. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడింది. "ఊపిరి వదలండి, లేకపోతే కొలత తప్పొస్తది" అంటే, ఎంతసేపటికో మెల్లగా వదిలింది.

శనివారం పొద్దున్నే ఆవిడ ఇచ్చివెళ్లిన గుడ్డ పరిచి గీశాను. చెరిపి మళ్లీ గీశాను. మూడోసారి కొలిచినా అంకెలు మారలేదు. మాస్టరుగారికి ఫోన్ చేద్దామని నంబరు కూడా తీశాను. చేస్తే ఆయన సరే అనేవారు, కత్తిరించేదాన్ని. అప్పుడది ఆయన జాకెట్టు అయ్యేది. ఫోను పక్కన పడేసి కత్తెర అందుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వచ్చి, లోపలి గదిలో వేసుకుని బయటికొచ్చింది. "బిగువుగా ఉందండి" అంది.

నిజం చెప్పాలంటే చెయ్యి అప్పుడే కుట్లు విప్పే పరికరం మీదికి పోయింది. విప్పేసి వదులు చేసి, మన్నించండి అని ఇచ్చేద్దామనుకున్నాను. అయినా ఒక్కసారి చూద్దామని చేతులెత్తమన్నాను, ముందుకి వంగమన్నాను. చంక దగ్గర ముడత లేదు. వీపు మీద గుడ్డ లాగడం లేదు. నడుము పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాయి. అది బిగువు కాదు. ఏళ్ల తరబడి గోనెసంచులు వేసుకున్న ఒంటికి కుదిరిన జాకెట్టు కొత్తగా ఉందంతే. ఆ మాట అనబోయి ఆగాను. నీ ఒళ్లు నీకంటే నాకే బాగా తెలుసని చెప్పేవాళ్లని చాలామందిని చూశాను, ఆ గొంతు నాకూ పట్టుబడిందేమోనని భయమేసింది.

"నా లెక్కకి ఇది సరిగ్గా ఉందండీ. లోపల గుడ్డ వదిలాను. వదులు చేయమంటే పది నిమిషాల్లో చేసిస్తా. మీ ఇష్టం" అన్నాను.

ఆవిడ అద్దం ముందు నిలబడింది. పక్కకి తిరిగింది. భుజం మీద చెయ్యి వేసుకుని కుట్టు వెంట వేలితో రాసుకుంది.

"మీరేమంటారండి?" అంది అద్దంలోంచే.

"నేననేది చెప్పేశానండీ."

తనంతట తనే చేతులెత్తి చూసుకుంది, వంగి చూసుకుంది. నేను తొందరపెట్టలేదు.

"ఉండనివ్వండి" అని, దానిమీదే కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆవిడ మళ్లీ రాలేదు. ఉద్యోగం వచ్చిందో లేదో తెలియదు. నాలా పారిపోయి వచ్చిందో, నన్ను చూసి రమ్మంటే వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పక్కవాటా ఆంటీని అడుగుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. ఏం మాట్లాడారు అని అడగాల్సి వస్తుందని వెనక్కి వచ్చేశాను. ఆవిడ ఎవరు పంపితే వచ్చినా సరే, ఆ జాకెట్టు ఆవిడకి కుదిరింది. ఆ మాట నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.