సవరాన్ని మింగిన మిషన్

ఇంట్లో తెల్ల టైల్స్ పడేదాకా ఆడవాళ్ళ జుట్టు ఎంత రాలుతుందో ఎవరికీ తెలియదు. నాపరాళ్ళ మీద రాలిన వెంట్రుక ఎవరి కంటా పడేది కాదు, పడినా అదొక నేరమని ఎవరూ అనుకునేవారు కాదు. బీదరులో ఇళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి తెల్లబడుతున్న ఆ ఏళ్ళలోనే నేను డిగ్రీ ముగించి, మన్నళ్ళి నుంచి రోజూ బస్సులో వచ్చి, ఒక ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణంలో పనికి చేరాను. పని పేరు డెమో. అంటే వాక్యూమ్ క్లీనర్‌ను ఆటోలో వేసుకుని ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళ చెత్తను వాళ్ళకే చూపించి సిగ్గుపడేలా చేయడం. (ఈ అర్థం మా సేఠ్ చెప్పింది కాదు, నేను కనిపెట్టిందే.) నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నాకు తెలియని సంగతి ఒకటుందని ఎవరైనా చెబితే నమ్మే వయసు కాదు.

క్రిస్మస్ ఇంకో ఐదు వారాలుందనగా ఒక టీచరమ్మ దుకాణానికి వచ్చింది. పండక్కని ఇంటికి సున్నం వేయించి, కొత్త టైల్స్ పరిపించి, ఇప్పుడు ఆ టైల్స్‌తోనే మనశ్శాంతి కరువైందట. ఇంట్లో ఆమె, ఆమె అత్త, ముగ్గురు ఆడపిల్లలు. "పొద్దుగాల ఊడుస్త, పగటీలి ఊడుస్త, మల్ల చూస్తె నల్లగ పడి ఉంటయి. పొడుగు ఎంటికెలు తగిల్నా ఆగకుంట నడిచే మిషన్ ఉంటెనే చూపియ్యమ్మా, లేకుంటె వద్దు" అంది. నేను రెండు మిషన్లు ఆటోలోకి ఎక్కించాను. ఒకటి మామూలుది. దాని కింద బ్రష్షు గిరగిరా తిరుగుతుంది, పొడుగు జుట్టు తగిలితే కండెకు దారంలా చుట్టేసుకుని మూలిగి ఆగిపోతుంది. రెండోది కొత్తగా వచ్చింది. బ్రష్షు పక్కన సన్నటి పళ్ళుండి, చుట్టుకున్న జుట్టును ముక్కలుగా కోసి లోపలికి లాగేసుకుంటుంది. మొదటిదాన్ని తీసుకుపోయేది రెండోదాని గొప్పతనం తెలియడానికే.

తీరా వెళ్ళేసరికి, ఇంటికి మనిషి వస్తోందని టీచరమ్మ ఇల్లంతా అద్దంలా ఊడ్చి పెట్టింది. (చెత్త చూపించాల్సిన రోజున కూడా చెత్త కనపడితే పరువు పోతుందనుకునే ఇళ్ళు మనవి.) ఎంత వెతికినా ఒక్క వెంట్రుక దొరకలేదు. టీచరమ్మ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె అత్త, అందరూ అవ్వ అనే పెద్దావిడ, పెరట్లో ఉంది. అప్పుడు తలుపు వెనక మేకుకు వేలాడుతున్న గుడ్డసంచి నా కంట పడింది. విప్పితే నిండా వెంట్రుకల ఉండలు. దువ్వెనకు వచ్చిన జుట్టును మా ఇంట్లోనూ గోడ సందులో దాచి, జుట్టు కొనడానికి వీధిలోకి వచ్చే ఆమెకిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేవాళ్ళు. ఇది నాకు తెలియని సంగతేం కాదు. అయినా ఇంత మంచి మిషన్ గొప్ప ముందు ఒక గిన్నె ఎంత అనిపించింది. సంచిని టైల్స్ మీద బోర్లించి, కాలితో పరిచి, టీచరమ్మను పిలిచాను.

మామూలు మిషన్ రెండు ఉండల దగ్గరే మూలిగి ఆగింది. కొత్తది మిగతాదంతా కసకసా కోసి మింగేసింది. మిషన్ వంకే చూస్తున్న టీచరమ్మకు ఆ జుట్టు ఎక్కడిదో తట్టనే లేదు, ముఖం వెలిగిపోయింది. నేను ఇంకా ఏదో వర్ణిస్తుండగా అవ్వ కొత్తిమీర కట్టతో లోపలికి వచ్చి, ఖాళీ సంచిని చూసి ఆగిపోయింది.

"గా సంచి ఎవరు దించిన్రు?"

"నేనే అవ్వా. డెమోకు. చెత్తే కదా అని..."

"గది చెత్త గాదు బిడ్డా" అంది అవ్వ, కోపం లేకుండా. "మా చిన్నదానికి సవరం కట్టిస్తనని కూడవెట్టిన."

చిన్నది అంటే మూడో మనవరాలు. వానాకాలంలో టైఫాయిడ్ వచ్చి జుట్టంతా ఊడింది, మిగిలింది కత్తిరించేశారు. చర్చిలో క్రిస్మస్ పాటలకు అక్కల పక్కన జడ లేకుండా నిలబడనని భీష్మించుకుంది. అందుకే అవ్వ కోడలి జుట్టు, పెద్ద మనవరాళ్ళ జుట్టు రోజూ ఏరి దాచి, సవరం కట్టే ఆమెను పండగ ముందు రమ్మని చెప్పి పెట్టింది. ఆ పిల్ల అప్పటికే తలకు స్కార్ఫు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మిషన్ డబ్బాలోని ముక్కల్ని చూసింది. ఏడవలేదు. "పోనీ అవ్వా, నేను పాడ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నన్ను తిట్టినా బాగుండేది. నాకు మాత్రం మిషన్లతో సహా భూమిలోకి పోవాలనిపించింది.

అవ్వ కింద కూర్చుని, మామూలు మిషన్ బ్రష్షుకు చుట్టుకున్న జుట్టును వేలితో ఓపిగ్గా విప్పి తీసింది. ఒక్కటీ తెగలేదు. "ఇది మంచిది కోడలా. తిన్నది తిన్నట్టు మల్ల ఇస్తాంది. కోసేది నాకొద్దు" అంది. టీచరమ్మ అత్త మాట కాదనలేక ఆగి ఆగి పనిచేసే ఆ మిషన్‌నే కొంది. వంక చూపించడానికి తీసుకుపోయినది అమ్ముడుపోయిందని మా సేఠ్ నన్ను మెచ్చుకున్నాడు. నేను మాత్రం అవ్వ సంచిని మళ్ళీ నింపి ఇవ్వాల్సింది నేనే అనుకున్నాను.

మర్నాటి నుంచి ఎవరి ఇంటికి వెళ్ళినా మామూలు మిషన్‌తోనే మొదలుపెట్టాను. అది ఆగాక కూర్చుని బ్రష్షు నుంచి జుట్టు విప్పుకునేదాన్ని. నల్ల జుట్టును అమ్మా, అక్కా అని అడిగి తెచ్చుకున్నాను. మా అమ్మ గోడ సందూ, మన్నళ్ళిలో ఇరుగుపొరుగువాళ్ళ గోడ సందులూ ఖాళీ చేశాను. బస్సులో నా పక్కన కూర్చునే కూరగాయల అక్క రెండు రోజుల్లోనే ఒక పొట్లం తెచ్చి, "ఎందుకని అడుగ, తీస్కో" అంది. నా జడను రోజుకు మూడుసార్లు దువ్వేదాన్ని, రాలకపోతే తిట్టేదాన్ని. సేఠ్ ఒకరోజు నా సంచి చూసి, "ఇదేం పరేషాన్ బిడ్డా, మిషన్లు అమ్మమంటె ఎంటికెలు ఏరుకుంట తిరుగుతున్నవ్" అన్నాడు. సంగతి చెప్పాను. రెండు రోజుల తర్వాత వాళ్ళింటావిడ పంపిందని ఒక కవరు నా చేతిలో పెట్టాడు.

శనివారం శనివారం అవ్వ దగ్గరికి పట్టుకెళ్ళేదాన్ని. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్లవి, గోరింటాకు పెట్టినవి పక్కకు తీసేది. సగం తీసేస్తుంటే నా ప్రాణం పోయేది. సవరం కట్టే ఆమె వచ్చిన రోజున తూచినట్టు చూసి, "సన్నగనే వస్తది, గాని వస్తది" అంది. చిన్నది మాత్రం పాడతానని కానీ, పాడనని కానీ చెప్పలేదు.

క్రిస్మస్ పొద్దున చర్చిలో వెనక వరసలో, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక అందర్నీ చూసి చేస్తూ కూర్చున్నాను. పాడే పిల్లలు వచ్చారు. అక్కలిద్దరూ వచ్చారు. చిన్నది కనపడలేదు. పాట మొదలయ్యాక పక్క తలుపులోంచి వచ్చి చివర నిలబడింది. మన్నళ్ళి అమ్మలక్కలు, సేఠ్ ఇంటావిడ, కూరగాయల అక్క, నేను, ఇంతమందిమి కలిసి నడుం దాకా సన్నటి జడగా ఉన్నాం. నావి ఏవో పోల్చుకుందామని మెడ చాచి చూశాను కానీ తెలియలేదు. అన్నీ తెలుసనుకున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను తిట్టుకోవాలని ఇప్పటికీ మొదలుపెడతాను, అంతలోనే ఆమె చాచిన మెడ గుర్తొచ్చి నవ్వేస్తాను. రెండో చరణంలో చిన్నది ఆ జడను ముందుకు లాగి వేసుకుంది, పుట్టినప్పటి నుంచి తనదే అన్నంత నిర్లక్ష్యంగా.