లాయరమ్మకు చెప్పని సంగతి

పోలీసు స్టేషన్ నుంచి తిరిగొచ్చిన రోజు మొదలు తాళాలాయన గుండెలో ఎవరో తలుపు తడుతూనే ఉన్నారు. పక్కింట్లో కుర్చీ జరిగినా, వంటింట్లో కుక్కరు కూతపెట్టినా ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు. మీసం మొలిచిన నాటి నుంచీ వీధి మలుపులో, ఇద్దరు కూర్చుంటే నిండిపోయే దుకాణంలో, తాళంచెవులు కోసుకుంటూ బతికిన మనిషి. ఎవరింటి తలుపు మొరాయించినా కబురు అతనికే వచ్చేది. ఇప్పుడు మాత్రం జైలు తలుపొకటి ఎదురుగా నోరు తెరిచి నిలబడింది.

జరిగింది ఇదీ. ఒక ఎండపొద్దున చలవ కళ్ళద్దాల మనిషి వచ్చి, "మా ఇల్లే అన్నా, తాళంచెవి ఎక్కడో పోయింది" అన్నాడు. నమ్మి వెంట వెళ్ళాడు. తలుపుకు పాతకాలపు తాళంకప్ప. తీగ పెట్టి ఎంత బతిమాలినా లొంగలేదు. చివరికి మొరటుగా నొక్కితే లోపలి పలక వంగి, మూలుగుతూ తెరుచుకుంది. తీరా చూస్తే ఆ ఇల్లు అతనిది కాదు, అతని అన్నగారిది. సాయంత్రానికి బీరువాలో నగలు లేవు, కళ్ళద్దాల మనిషి ఊళ్ళో లేడు. పోలీసులకు చేతికందినవాడు తాళాలాయన ఒక్కడే. ఆ రోజు అడగాల్సినవి అడిగి పంపేశారు గానీ, ఇద్దరూ కలిసి చేసిన దొంగతనమని కేసు రాశారు. అతన్ని జైల్లో ఉంచాలని కోర్టును అడగబోతున్నారు.

"బావా, నువ్వు బెంగపెట్టుకోకు. మా లాయరు లేచి నిలబడితే కోర్టు గోడలు వణుకుతాయి" అని బావమరిది చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.

అద్దాల గది. లోపల చలి. బల్ల వెనక లాయరు ఒక ఫోను చెవికి, ఒక ఫోను భుజానికి ఆనించుకుని ఉన్నాడు. తాళాలాయన కుర్చీ అంచున, వాలబోయి మానుకున్న పిట్టలా కూర్చున్నాడు. రెండు ఫోన్ల మధ్య దొరికిన సందులో లాయరు అన్నాడు: "నువ్వు ఆ ఇంటికి వెళ్ళనేలేదు. ఆ వేళకి మీ ఆవిడకి ఒంట్లో బాగోలేదు, పక్కనే ఉన్నావు. కోర్టుకొచ్చి ఆవిడా అదే చెప్తుంది. ఇక వెళ్ళు, అంతా నేను చూసుకుంటా."

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందు ఉంది. చెప్పింది విని తొక్కడం ఆపేసింది.

"నాకు ఒంట్లో బాగోలేదా? ఏ జబ్బట?"

"అది తర్వాత చెప్తాడట."

"బాగానే ఉంది. పోనీ, అసలేం జరిగిందని నిన్నడిగాడా?"

"లేదు."

"అడగనివాడు దేని గురించి వాదిస్తాడయ్యా? నా జబ్బు గురించా?"

"అక్కా, పెద్ద లాయరు..." అని బావమరిది నసిగాడు.

"పెద్దవాడైతే ఇంకో కుర్చీ వేయించుకోమను. అబద్ధం చెప్పించి నన్ను కూడా బోనెక్కిస్తాడా?"

మర్నాడు ఆవిడే అతన్ని ఇంకో చోటికి తీసుకెళ్ళింది. తనతో కుట్టుపని చేసే ఒకావిడ కేసు నడిపిన లాయరమ్మ దగ్గరికి. జిరాక్సు షాపు మీద చిన్న గది. కిటికీలోంచి కింది మిషను వెలుగు నీళ్ళలా గోడ మీద కదిలి పోతోంది. లాయరమ్మ ముందుగా ఫోను మూసి సొరుగులో పెట్టింది. అది చూసి తాళాలాయనకు మరింత భయమేసింది. ఇక వినేది తననే.

"గెలిపిస్తానని నేను చెప్పను" అందామె. "మిమ్మల్ని జైల్లో పెట్టక్కర్లేదని జడ్జిగారికి చెప్పడానికి ప్రయత్నిస్తాను. దానికి నాకు జరిగినదంతా కావాలి. మీరు వద్దన్న మాట ఈ గది దాటదు. కానీ నాకు తెలియనిది అవతలివాళ్ళ నోటి నుంచి వింటే మాత్రం నేనేం చేయలేను."

అడిగింది. అడిగిందే మళ్ళీ ఇంకో వైపు నుంచి అడిగింది. కళ్ళద్దాల మనిషి ఎటు నుంచి వచ్చాడు, తాళం తెరుస్తుంటే ఎవరు చూశారు, వెళ్ళేముందు ఏమన్నాడు. తాళాలాయన అన్నీ చెప్పాడు. ఒక్కటి మాత్రం గొంతు దాకా వచ్చి, అక్కడే గొళ్ళెం పెట్టుకుంది.

కోర్టుకు వెళ్ళాల్సిన రోజుకు ముందురోజు లాయరమ్మ రమ్మంది. ముఖం వేరుగా ఉంది.

"పోలీసులు ఏం రాశారో తెలుసా? తాళం చక్కగా పనిచేస్తోందట. బలవంతంగా తెరిచిన జాడే లేదట. కాబట్టి మీరు ముందే దొంగ తాళంచెవి చేసి ఉంచుకున్నారట. మీరేమో పలక వంగిందన్నారు. ఏది నిజం?"

తాళాలాయన పక్కనున్న భార్య వైపు చూశాడు. గది గోడలు మెల్లగా దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది.

"వంగిందమ్మా. తర్వాత... నేనే సరిచేశాను."

"ఎక్కడ?"

"స్టేషన్లో. నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి వాళ్ళు ఎటో వెళ్ళారు. వాళ్ళు ఊడదీసి తెచ్చిన ఆ తాళంకప్ప నా ఎదురుగా నోరు వంకర పెట్టుకుని పడుంది. జేబులో తీగ ఉంది. ఒణుకుతున్నాను కదమ్మా, చేతులకి ఏదో ఒకటి కావాలి. అవే చేసేశాయి."

"ఎందుకు ముట్టుకున్నారండీ దాన్ని!"

"నా పని అంత అసహ్యంగా నలుగురి ముందూ ఉంటే... సిగ్గేసింది."

అప్పుడు భార్య అందుకుంది: "మా స్నానాలగది గడియ ఊడి ఎన్నాళ్ళయిందో తెలుసా అమ్మా? దానికి మాత్రం ఈయన చేతులు లేవవు!"

లాయరమ్మ పెదవి చివర నవ్వొచ్చి ఆగింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఇది కోర్టులో చెబితే సాక్ష్యాన్ని ముట్టుకున్నారని ఇంకో తప్పు మీద పడొచ్చు. చెప్పకపోతే దొంగ తాళంచెవి మాట అలాగే నిలబడుతుంది. రెండింట్లోనూ ప్రమాదం ఉంది. నేను సలహా ఇస్తాను, తేల్చుకోవాల్సింది మీరు. నా సలహా, చెప్పమనే."

కోర్టు హాల్లో ఫ్యాన్లు నీరసంగా తిరుగుతున్నాయి. తన పేరు పిలిచినప్పుడు తాళాలాయనకు అది మరెవరి పేరో అనిపించింది. లాయరమ్మ సంగతి వివరించి, అతనివైపు తిరిగి తల ఊపింది. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"నేనే బాగుచేశానయ్యా. చూడలేక."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రభుత్వం లాయరు లేచి, "సాక్ష్యం చెరిపేశానని తనే ఒప్పుకుంటున్నాడు" అన్నాడు. తాళాలాయన కళ్ళు మూసుకున్నాడు. లాయరమ్మ గొంతు పెంచలేదు. తాళం విప్పించి చూడమని జడ్జిగారిని కోరింది. వంగిన ఇనుమును సరిచేసినా మడత గీత మిగులుతుందని, తాళంచెవి ఉన్నవాడికి పలక వంచాల్సిన అవసరమే లేదని అంది.

జడ్జిగారు చాలాసేపు రాసుకున్నారు. ఆ కలం చప్పుడు తాళాలాయన వీపు మీద నడిచింది. చివరికి అన్నారు: తాళాన్ని విప్పి పరీక్షించాలి. అది తేలేదాకా ఇతను ఇంట్లోనే ఉండొచ్చు. ఊరు దాటకూడదు.

బయట మెట్ల మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. భార్య అతని మోచెయ్యి వదల్లేదు. గుండెలో తలుపు తట్టేవాడు ఇంకా పోలేదు, కొంచెం నెమ్మదించాడంతే.

"ఇది అయిపోలేదు" అంది లాయరమ్మ దిగుతూ. "ఇంటికెళ్ళి ఆలోచించండి. ఇంకేమైనా మరిచిపోయి ఉంటే..."

"అమ్మా," అన్నాడు తాళాలాయన. భార్య పట్టు బిగిసింది. "ఆ రోజు లాకప్పు తలుపు ఒకటే కిర్రుమంటుంటే... దానికి కూడా కాస్త నూనె..."

లాయరమ్మ మెట్టు మధ్యలో ఆగిపోయింది. సంచి అక్కడే దింపి, మెట్టు మీదే కూర్చుని కలం తీసింది.

"చెప్పండి. మొదటి నుంచి చెప్పండి."